నవల పక్క పేజీలు

జనవరి 9, 2022, ఆదివారం

సంక్రాంతి సెలవులు. తెల్లారకుండానే వడ్డాది రోడ్డులో ఒక బెల్లం పొయ్యి దగ్గరికి వెళ్లాను. మా ఆయన స్కూటర్ మీద దింపేసి, "అయ్యాక ఫోన్ చెయ్యి" అని వెనక్కి తిరిగారు. ఆయనకి పొగ పడదు.

నేను రాస్తున్న నవలలో ఏడో ప్రకరణం అంతా పొయ్యి దగ్గరే నడవాలి. మొగుడు పోయిన తర్వాత వచ్చిన మొదటి సీజన్లో నూకరత్నం తనే నిలబడి బెల్లం వండిస్తుంది. రాసే ముందు ఒక పెనం ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కదలకుండా చూడాలనుకున్నాను. చిన్నప్పుడు మా తాతగారి ఊళ్లో చూడకపోలేదు. కాకపోతే అప్పుడు నా దృష్టంతా వేడి పాకం ఆకులో వేసి ఇస్తారా ఇవ్వరా అన్నదాని మీదే.

గానుగ అంటే ఇప్పుడు మోటారు క్రషరే. రసం తొట్టెలో పడుతుంది, అక్కణ్ణుంచి పెనంలోకి. కాస్త కాగాక సున్నం వేస్తారు. మడ్డి పైకి తేలుతుంది. దాన్ని తీసేకొద్దీ రసం తేటపడి, రంగు మారి, నురగ పొంగి, తర్వాత ఆ నురగే బరువెక్కి నెమ్మదిగా కుతకుతమంటుంది. రెండు మూడు గంటల పని. పాకం ముదిరిందో లేదో చన్నీళ్లలో ఒక చుక్క వేసి వేళ్లతో నలిపి చూస్తారు.

నాకు దొరికింది ఇది కాదు. పొయ్యిలో పిప్పి వేసే మనిషి కింద గుంతలో కూర్చుంటాడు. పెనంలో ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. పైన వండే పెద్దాయనకి మంట కనిపించదు. "ఎయ్", "ఆపు", "సన్నంగా" అనే మూడు మాటల మీద పెనం అంతా నడుస్తుంది. నూకరత్నాన్ని పెనం పక్కన నిలబెడదామనుకున్నాను. కాదు, గుంతలో కూర్చోబెట్టాలి. పొలం ఆమెది, పాకం ఆమెది, కానీ కనిపించేది మంట ఒక్కటే.

పెద్దాయన అడిగాడు: "ఏటి రాసుకుంతన్నారు టీచరమ్మా?"

"కథ కోసం తాతా."

"మా కతేటుంతాదండీ. పొగా, సెమటా." కాసేపాగి, "రాస్తే సున్నం సంగతి రాయండి. మిగతాది రాయకండి" అన్నాడు.

మిగతాది పక్కన చిన్న డబ్బాలో ఉంది. హైడ్రోస్. చిటికెడు వేస్తే బెల్లం పచ్చగా నిగనిగలాడుతుంది. నవలలో రాయొద్దన్నాడు, డైరీ మాట ఎత్తలేదు.

జనవరి 12

నాలుగున్నరకి లేచాను. పాల ప్యాకెట్టు వచ్చేదాకా నా సమయం. చేత్తో రాస్తేనే వాక్యం వస్తుంది, ఫోన్లో టైపు చేస్తే మెసేజి వస్తుంది. అందుకని ముందు నోటు పుస్తకం, తర్వాత ఫోను.

ఇవాళ పేజీన్నర. అందులో సగం ఉండదు.

జనవరి 15, సంక్రాంతి

చెల్లీ మరిదిగారూ పిల్లల్తో హైదరాబాదు నుంచి వచ్చారు. మరిదిగారికి నా నవల అంటే చాలా గౌరవం. చదవరు. "వదినగారూ, దీనికెంతిస్తారు?" అని ప్రతి పండక్కీ అడుగుతారు. ఎవరూ ఇవ్వరు బాబూ, మనమే ఇచ్చుకోవాలి అంటే నమ్మరు. డీటీపీకి ఇంత, ముఖచిత్రానికి ఇంత, అయిదు వందల కాపీల అచ్చుకి ఇంత, అందులో పంచిపెట్టేవి ఎన్ని, మంచం కింద ఉండేవి ఎన్ని అని లెక్క చెప్పాను. విని, "అయితే వెబ్ సిరీస్‌కి ఇచ్చెయ్యండి" అన్నారు.

చెల్లి మాత్రం మాడుగుల హల్వా తింటూ మంచం మీద కూర్చుని ఏడో ప్రకరణం చదివింది. "నూకరత్నం పొలం అమ్మేస్తుందా?" అని అడిగింది. చెప్పలేదు. తెలిస్తే కదా.

జనవరి 26

కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. పదమూడు కాస్తా ఇరవై ఆరు. మనం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి. జెండా వందనం అయ్యాక స్టాఫ్‌రూములో అందరూ బదిలీల లెక్కలు వేస్తున్నారు. ఏ జిల్లా సీనియారిటీ, ఏ జిల్లా ఖాళీలు. నేను నవలలో ఎన్నిచోట్ల "విశాఖ జిల్లా" అని రాశానో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 3

జీతాల పీఆర్సీ మీద ఉద్యోగుల చలో విజయవాడ. పోలీసులు ఆపుతారని కొందరు వేషాలు మార్చుకుని వెళ్లారట. సాయంత్రం టీవీలో బీఆర్టీఎస్ రోడ్డు నిండా జనం. మా లెక్కల మాస్టారు అంత జనంలో కూడా తన గొడుగు కనిపించిందని ఫోన్లో చెప్పారు. ఈ వేషాల మీద ఎవరో ఒకరు కథ రాస్తారు. నేను కాదు. నాకిప్పుడు బెల్లం తప్ప ఇంకో రుచి తెలీడం లేదు.

ఫిబ్రవరి 6, ఆదివారం

అటక దులిపాం. అమ్మ బైండు పుస్తకాల పెట్టె దిగింది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారం వారం చింపి, దాచి, అంతా అయ్యాక ప్రెస్సులో ఇచ్చి గట్టి అట్టతో కుట్టించేది. యద్దనపూడి ఒకటి, మాలతీ చందూర్ ఒకటి, విజయనగరంలో పుట్టిన ద్వివేదుల విశాలాక్షి రెండు. అట్ట మీద అమ్మ చేతిరాత. "ఇచ్చినవారు తిరిగి అడుగుదురు" అని లోపల హెచ్చరిక.

ఆ రోజుల్లో నవల నెలల తరబడి ఇంట్లో ఉండేది. అమ్మా, పక్కింటి పిన్నిగారూ గురువారం నుంచి గురువారం దాకా హీరోయిన్ గురించి బంధువుల అమ్మాయి గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవారు. రచయిత్రి ఎక్కడో మద్రాసులోనో హైదరాబాదులోనో తర్వాతి వారం భాగం రాస్తూ ఉండేది, ఇక్కడ చోడవరంలో ఇద్దరు ఆడవాళ్లు ఆమె కంటే ముందే నిర్ణయాలు తీసేసుకునేవారు. నేను నవల మొత్తం రాసి, అచ్చు వేయించి, ఒకేసారి చేతిలో పెడతాను. మధ్యలో ఎవరూ దెబ్బలాడరు. ఆ దెబ్బలాట లేకపోవడం నాకు నష్టం అనిపిస్తుంది. నూకరత్నం విషయంలో పిన్నిగారు ఏమనేవారో.

బైండులో నాకు ఇంకొకటి ఇష్టం. ప్రతి పేజీ వెనకా వేరే ఏదో సగం ఉంటుంది. సగం కార్టూను, సగం జాతకం, ఎవరిదో ఒక కథ మధ్య భాగం. ఆ కథలో ఒకాయన రైలు దిగి ఇంటికి తాళం ఉండటం చూస్తాడు. తర్వాతేమైందో ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఫిబ్రవరి 16

మొదటి పది ప్రకరణాలు డీటీపీకి పంపాను. నేను ఫోన్లో యూనికోడ్‌లో కొడతాను, వాళ్లు దాన్ని అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్లో పోస్తారు. ఆ మారడంలో కొన్ని ఒత్తులు విరిగిపోతాయి. నూకరత్నం పేరే విరిగి వచ్చింది, ప్రతి పేజీలోనూ. దిద్దే అబ్బాయికి పాతికేళ్లుంటాయి. "మేడం, పేరు మార్చేస్తే ఈజీ అయిపోద్ది" అన్నాడు. లత అని పెట్టమంటాడు కాబోలు.

ఫిబ్రవరి 22

శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి ఇవాళ్టితో పాతికేళ్లు. 1997లో ఇదే తేదీన మొదలైంది. దాన్ని పెట్టిన కథకుడు కారా మాస్టారు లేకుండా మొదటి ఫిబ్రవరి 22 ఇది. పోయిన జూన్ 4న వెళ్లిపోయారు. స్కూలుంది, వెళ్లలేకపోయాను.

ఆయన విశాఖలో సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. బడి పని చేస్తూ రాసేవాళ్లం ఎవరం తీరిక లేదని సణిగినా ఆయన పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు, నోరు మూతపడుతుంది. అయినా కారా రాసింది చాలా తక్కువ. ఇతరుల కథలు దాచిపెట్టడానికి తీసుకున్న శ్రమలో నాలుగో వంతు తన కథల మీద పెట్టి ఉంటే అని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవడం లేదు. ఒకసారి వెళ్లినప్పుడు మా నాన్నగారు ఎప్పుడో వారపత్రికలో రాసిన ఒకే ఒక్క కథ అడిగాను. అక్కడున్నవాళ్లు వెతికి తీసి చేతిలో పెట్టారు. మా ఇంట్లో లేని కాగితం అది.

మార్చి 1, శివరాత్రి

గౌరీశ్వరుడి గుడి దగ్గర జనం. ఒక్క వాక్యం రాయలేదు. మంచి రోజు.

మార్చి 12, రెండో శనివారం

అనకాపల్లి బెల్లం మార్కెట్. బస్సు దిగేసరికే ఆ వాసన. దిమ్మలు వరసల్లో పేర్చి ఉన్నాయి. కొనేవాళ్లు ఒక దిమ్మ చిదిపి చూస్తారు, నోట్లో వేసుకునేవాళ్లు తక్కువ. ముందు రంగు. పచ్చగా ఉన్నదానికి ఒక రేటు, ఎర్రదానికి ఇంకొకటి, నల్లదాని మొహం ఎవరూ చూడరు. చూసేవాళ్ల కోసం పోలీసులు చూస్తుంటారు, నాటుసారాకి పోతుందని.

ఇప్పుడు పెద్దాయన డబ్బా అర్థమైంది. చిటికెడు వేసినవాడు అతను, వేయించినవాడు రంగు చూసి రేటు కట్టినవాడు, ఆ పైన డబ్బాలో తెల్లటి బెల్లం అడిగే నాలాంటి గృహిణి. మా ఇంట్లో పండగ పరమాన్నానికి ఎలాంటి బెల్లం తెప్పిస్తానో నాకు తెలుసు. కనక హైడ్రోస్ ఏడో ప్రకరణంలో ఉండదు. పన్నెండులో, మార్కెట్లో, ఒక షావుకారు నోట్లోంచి వస్తుంది. పెద్దాయనకి ఇచ్చిన మాట దక్కుతుంది, విషయమూ దక్కుతుంది.

తిరుగు బస్సులో ఒక రైతు పక్కన కూర్చున్నాను. ఆయన చెరకు గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలడమా, పొయ్యి పెట్టించడమా అన్నది ఏటా కొత్తగా తేల్చుకుంటాడట. తుమ్మపాల ఆగింది, ఏటికొప్పాక ఆగింది, తాండవ ఆగింది. "మాకు మిగిలింది గోవాడేనమ్మా" అన్నాడు. చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ అనకాపల్లిలోనే ఉంది. వందేళ్లుగా కొత్త రకాలు వస్తూనే ఉన్నాయి, వేసే ఎకరాలు తగ్గుతూనే ఉన్నాయి. ఈ రెండు వాక్యాలు నవలలో పెడితే వ్యాసం అయిపోతుంది. డైరీలో ఉండనీ.

మార్చి 20

రాతప్రతి చదివిన ఒక మిత్రుడు ఫోన్ చేశారు. కృష్ణా జిల్లా మనిషి. కథ బాగుంది, సంభాషణలు "అందరికీ అర్థమయ్యేలా" మార్చమన్నారు. రావిశాస్త్రిగారి శత జయంతి సంవత్సరం నడుస్తుండగా ఈ మాట. విశాఖ కోర్టుల్లో వకీలుగా విన్న మాటని ఆయన అలాగే కాగితం మీదకి దించితే రాష్ట్రమంతా చదివింది. అలమండ నుంచి పతంజలి వచ్చి, ఆ ఊరి గొడవల్నే లోకం గొడవలు చేసి కూర్చోబెట్టారు. ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

కానీ ఆ మిత్రుడు చెప్పినదాంట్లో ఒకటి నిజం. నూకరత్నం ఒక్కత్తే యాసలో మాట్లాడుతోంది, ఆమె కొడుకు ఇంజనీరింగ్ చదివాక మాట మారింది. వాడు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏ మాట మాట్లాడతాడు? మా క్లాసు పిల్లల్ని గమనించాలి. నాతో ఒకటి, బడి గేటు దాటగానే ఇంకొకటి.

మార్చి 27

బెల్లం పొయ్యి దారిలో ఇంకో రెండు చెరకు మళ్లు పోయాయి. ప్లాట్లకి తెల్లరాళ్లు పాతి, ఎర్ర రంగు వేసి, కమాను కట్టారు. కమాను మీద దేవుడి పేరు.

నూకరత్నం రెండెకరాలకీ సరిగ్గా ఇలాంటి బేరమే వచ్చింది. ఇరవయ్యో ప్రకరణంలో బ్రోకరు ఆమె అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వారం నుంచీ కూర్చునే ఉన్నాడు పాపం, నేను కదపడం లేదు. అమ్మిస్తే ఓడిపోయిందంటారు. అమ్మించకపోతే రచయిత్రి పట్నంలో జీతం తీసుకుంటూ రైతుని పొలంలో నిలబెట్టిందంటారు. రెండోది నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఏప్రిల్ 2, ఉగాది

కవి సమ్మేళనానికి పిలిచారు. నేను కవిత్వం రాయనండీ అన్నాను. "ఫరవాలేదు మేడం, చిన్నది చదవండి" అన్నారు. శుభకృత్ మీద పద్నాలుగు కవితలు విని, శాలువా కప్పించుకుని వచ్చాను. కొత్తమావాస్యకి నూకాలమ్మ దగ్గరికి వెళ్లొచ్చిన పక్కింటావిడ ప్రసాదం తెచ్చింది. నా నూకరత్నానికి పేరిచ్చిన తల్లి. అటుకేసి ఒక దండం పెట్టుకున్నాను, బేరం సంగతి నువ్వే చూడు తల్లీ అని.

ఏప్రిల్ 4, సోమవారం

ఇవాళ్టి నుంచి అనకాపల్లి జిల్లా. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం కూడా ఇటే వచ్చింది. నవల 2019లో ముగుస్తుంది కనక లోపల అంతా విశాఖ జిల్లాయే. వెనక అట్ట మీద నా చిరునామా ఒక్కటే మారాలి. డీటీపీ అబ్బాయికి చెప్పాను.

సాయంత్రం పొయ్యి దగ్గరికి వెళ్లాను. సీజను ఆఖరు, పెనం బోర్లించి ఉంది. గుంతలో పిప్పి వేసే అతని భార్య అక్కడుంది. కథ ఎంతదాకా వచ్చిందని అడిగింది. నూకరత్నం సంగతి చెప్పాను, బ్రోకరు దాకా.

"అమ్మీసిందా?"

"ఇంకా లేదమ్మా."

"మరి మొగుడు సేసిన అప్పెవులు తీరుస్తారు?"

చివరి ప్రకరణానికి వదిలిపెట్టాను అన్నాను.

"అయితే బేగి రాయండి టీచరమ్మా. వడ్డీ పెరిగిపోద్ది" అంది.