ఉసూరుమనిపించని విహారం

తెలుగునాట సెలవులకు వెళ్ళి తిరిగివచ్చిన కుటుంబం ఇంటి తాళం తీస్తూ అనే మొదటి మాట చాలా తరచుగా ఒక్కటే: "అమ్మయ్య, ఇల్లు చేరాం." విశ్రాంతి కోసమని బయలుదేరినవారికి ఆ విశ్రాంతి ఇల్లు చేరాకనే లభిస్తుంది. తండ్రి ఉసూరుమంటూ కుర్చీలో కూలబడతాడు. తల్లి మాసిన బట్టల మూటను చూసి ముఖం తిప్పుకుంటుంది. అయిదు రోజుల్లో పదహారు చోట్లు చూసిన పిల్లలకు ఏది ఎక్కడ చూశారో అప్పుడే కలగాపులగమై ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి దక్షిణాన, తెలంగాణ సరిహద్దు కొండలకు ఆవలివైపున, బీజాపూర్ జిల్లాలో ఉసూర్ అనే ఊరొకటి ఉన్నది. ఆ పేరు వినగానే తెలుగు చెవికి నిట్టూర్పు స్ఫురిస్తుంది. విచిత్రమేమంటే, ఉసూరుమనకుండా సెలవులు గడపదలచిన కుటుంబం ఆ ఊరివైపు సాగే దారిలో నేర్చుకోగలిగినది చాలా ఉన్నది.

సందడి రోజులకూ తీరిక రోజులకూ పొత్తు కుదర్చడమనే సమస్య కొత్తది కాదు. వినోదాన్ని ప్రహరీగోడలో పెట్టి టిక్కెట్టు అమ్మడం మొదలైననాటి నుంచీ ఉన్నదే. 1955 జూలై 17న అమెరికాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరుచుకున్నప్పుడు వాల్ట్ డిస్నీకి తన సొంత హోటలు లేదు. పక్కనే మరొక వ్యాపారి హోటలు కట్టి బాగుపడ్డాడు. ఆ పాఠం వృథా పోలేదు. 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ ప్రారంభమైననాడే దాని ఆవరణలో రెండు పెద్ద హోటళ్ళు అతిథుల కోసం సిద్ధంగా ఉన్నాయి. పొద్దున ఉద్యానంలో తిరిగి, ఎండవేళ గదికి వచ్చి ఈతకొలనులో సేదదీరి, చల్లబడ్డాక మళ్ళీ వెళ్ళే వీలు సందర్శకునికి కలిగింది. ఇందులో ఔదార్యం కంటే లెక్క ఎక్కువ. అలసిన అతిథి ఒక్క రోజులో వెళ్ళిపోతాడు; సేదదీరిన అతిథి మూడు రోజులుంటాడు.

మనదేశంలో తొలి వినోదోద్యానంగా పేరుపొందిన ఢిల్లీలోని అప్పూఘర్ 1984లో ప్రారంభమై 2008లో మూతబడింది. హైదరాబాదు శివార్లలో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ ఆవరణలోనే సితార, తార వంటి హోటళ్ళున్నాయి. 2016లో రావిర్యాల వద్ద వండర్‌లా వచ్చింది. అయినా మన కుటుంబాలలో అత్యధికులు ఇలాంటి చోట్లకు ఒక్క రోజు టిక్కెట్టు మీదనే వెళతారు. గేటు తెరిచే వేళకు ముందే వరుసలో నిలబడి, మూసే వేళకు చివరి బస్సు అందుకుంటారు. డబ్బు పెట్టి కొన్న రోజులో ఒక్క గంట ఊరికే కూర్చున్నా నష్టం వచ్చినట్టే భావిస్తారు. తాతగారికి మోకాళ్ళు నొప్పి పుట్టినా, చంటిది నిద్రకు ఏడుస్తున్నా "ఇంకా నాలుగు మిగిలాయి" అన్న మాటే వినిపిస్తుంది. టిక్కెట్టు వసూలవుతుంది, సెలవు మాత్రం చేజారిపోతుంది.

బస్తరులో గేటూ లేదు, రోజంతటికీ చెల్లే టిక్కెట్టూ లేదు. అయినా ఆ లెక్క మాత్రం కుటుంబంతో పాటే కారెక్కి వస్తుంది. జగదల్‌పూర్‌లో అడుగుపెట్టగానే టాక్సీవారితో బేరం "ఎన్ని పాయింట్లు?" అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. ఒకే రోజున తీర్థగఢ్, కుటుంసర్, చిత్రకోట, సాయంత్రం బజారు, వీలైతే దంతెవాడ కూడా! ఇలా చూసినవారు చూసినది బస్తరును కాదు, కారు కిటికీని.

తెలుగువారికి బస్తరు చేరడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి రైలు దారి. బైలదిల్లా కొండల ఇనుపరాయిని జపాన్‌కు ఎగుమతి చేసే నిమిత్తం 1960 దశకంలో వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గమది. ఉదయం విశాఖపట్నంలో ఎక్కితే అనంతగిరి సొరంగాలు, అరకు లోయ దాటి సాయంకాలానికి జగదల్‌పూర్ చేరవచ్చు. ఈ ప్రయాణమే ఒక వేడుక. పిల్లలు సొరంగాలు లెక్కపెడుతూ తమకు తామే కాలక్షేపం చేసుకుంటారు. ఆ రోజుకు మరే కార్యక్రమమూ పెట్టుకోనక్కరలేదు. రెండవది రోడ్డు దారి. హైదరాబాదు నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి భోపాలపట్నం చేరి, అక్కడినుంచి బీజాపూర్, గీదం గుండా జగదల్‌పూర్‌కు. ఈ రెండవ దారికి వెనుక ఒక పాత కథ ఉన్నది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఈ వైపుగానే వచ్చి బస్తరులో రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. దంతెవాడలోని దంతేశ్వరి ఆ వంశపు కులదేవత. శంఖిని, డంకిని నదుల సంగమం వద్దనున్న ఆ గుడిలోకి పురుషులు పంచె కట్టుకునే వెళ్ళాలి.

జగదల్‌పూర్ చుట్టుపక్కల సందడి రోజుకు తగినది కాంగేర్ లోయ. 1982లో జాతీయవనంగా ప్రకటించిన ఈ 200 చదరపు కిలోమీటర్ల అడవిలో కుటుంసర్ గుహ ఉన్నది. శంకర్ తివారీ అనే పరిశోధకుడు 1950 దశకంలో దీనిని లోకానికి పరిచయం చేశాడు. ప్రవేశద్వారం ఇరుకు, మనిషి ఒదిగి దిగవలసినంత ఇరుకు. లోపల మార్గదర్శకుని చేతి దీపమే సూర్యుడు. సున్నపురాయి నీటిబొట్టు వెంట కరిగి, వేల ఏళ్ళపాటు పైకప్పు నుంచి వేలాడే ఊడలుగా, నేలనుంచి లేచే స్తంభాలుగా గడ్డకట్టింది. నీటిగుంటల్లో తరతరాల చీకటివల్ల చూపు మందగించి, రంగు వెలిసిన చిన్న చేపలున్నాయి. దీపం ఆర్పి ఒక్క నిమిషం నిలబడమని మార్గదర్శకుణ్ణి అడిగితే, ఏ భూతాల కొంపలోనూ కొనలేని చీకటి పిల్లలకు అనుభవంలోకి వస్తుంది. గాలి మాత్రం బరువుగా, తేమగా ఉంటుంది. ఆయాసం ఉన్నవారు బయట చెట్టు కింద కూర్చోవడమే మంచిది. వానకాలంలో గుహలో నీరు చేరుతుంది గనుక మూసివేస్తారు.

అదే వనంలో తీర్థగఢ్ జలపాతం దాదాపు 300 అడుగుల ఎత్తునుంచి మెట్లు మెట్లుగా జారుతుంది. దాని అడుగుకు చేరడానికి దిగినన్ని మెట్లూ మళ్ళీ ఎక్కాలి. ఈ సంగతి దిగేటప్పుడు ఎవరికీ తోచదు. గుహ, జలపాతం, మధ్యలో ఒక చెట్టు నీడన పులిహోర పొట్లం: ఒక కుటుంబానికి ఒక రోజుకు ఇంతకు మించిన సందడి అక్కరలేదు.

మర్నాడు తీరిక. అందుకు చిత్రకోట. జగదల్‌పూర్‌కు పడమరగా 38 కిలోమీటర్ల దూరాన ఇంద్రావతి నది గుర్రపులాడం ఆకారంలో ఒక్కసారిగా 95 అడుగుల లోతుకు దూకుతుంది. వానకాలంలో ధార వెడల్పు 300 మీటర్ల దాకా సాగుతుంది. దీనిని "భారతదేశపు నయాగరా" అనడం పరిపాటి. నయాగరాలోని గుర్రపులాడం జలపాతం ఎత్తు దీనికి సుమారు రెట్టింపు గనుక ఆ పోలిక చిత్రకోటకు మేలు చేయదు. చిత్రకోట అందం తన ఎర్రమట్టి నీళ్ళలో, తన అడవిలో ఉన్నది. గట్టుమీద పర్యాటక శాఖవారి దండామి రిసార్టు ఉన్నది. అక్కడ బస చేసేవారు సాధారణంగా చేసే పొరపాటు, గదిని రాత్రి నిద్రకు మాత్రమే వాడుకోవడం. పగలంతా అక్కడే ఉండాలి. ఒకే జలపాతాన్ని తెల్లవారుజామున మంచులో, మధ్యాహ్నం ఎండలో, సంధ్యవేళ, మళ్ళీ రాత్రి చూడాలి. ప్రతిసారీ అది వేరుగా కనిపిస్తుంది. నీరు తగ్గిన నెలల్లో పడవవారు ధారకు దగ్గరగా తీసుకుపోతారు. తుంపర ముఖాన పడి పిల్లలు కేరింతలు కొడతారు. మిగతా సమయంలో చేయవలసిన పనేదీ లేదు. మొదటి గంట "ఇక్కడేం చేస్తాం?" అని సణిగిన పిల్లలు రెండవ గంటకు గులకరాళ్ళు ఏరడం మొదలుపెడతారు. ఆ రెండవ గంట దాకా ఓపిక పట్టలేని తల్లిదండ్రులే ఎక్కువ.

ఏ సెలవుల్లో వెళ్ళాలన్న ప్రశ్నకు ఏకైక సమాధానం లేదు. దసరాకు వెళితే జలపాతాలు నిండుగా ఉంటాయి, గుహ మూసి ఉండవచ్చు. సంక్రాంతికి వెళితే గుహ తెరిచి ఉంటుంది, ధార సన్నబడుతుంది. పైగా దసరాకు జగదల్‌పూర్‌లో 75 రోజుల ఉత్సవం ముగింపుకు వస్తుంది. ఇక్కడ రావణదహనం లేదు. దంతేశ్వరి ఛత్రాన్ని నిలిపిన మహారథాన్ని ఊళ్ళనుంచి వచ్చిన ఆదివాసులు తాళ్ళతో లాగుతారు. రథం చూసిన మర్నాడు ఏ కార్యక్రమమూ పెట్టుకోకపోవడం వివేకం. రిసార్టు ఖర్చు భరించలేనివారికి కాంగేర్ లోయలోని ధుడ్మారాస్ గ్రామం ఉన్నది. ఊరివారే తమ ఇళ్ళలో బస ఇచ్చి, వెదురు తెప్పల మీద నదిలో తిప్పుతారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి 2024లో ఎంపిక చేసిన ఊళ్ళలో ఇదొకటి. ఇక్కడి తీరికలో వచ్చే డబ్బు నేరుగా ఊరికే చెందుతుంది.

ఇక ఉసూర్. బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా దారి. ఈ ప్రాంతంలో కోయ, దోర్ల మాటలతో పాటు తెలుగు కూడా చెవిన పడుతుంది. కొండ దిగితే వెంకటాపురం, చర్ల. ఇదే ఉసూర్ బ్లాకులోని పామేడుకు చాలాకాలం పాటు సొంత జిల్లా నుంచి సరైన దారి లేక, చర్ల నుంచే రాకపోకలు సాగాయి. సంతకు ఇప్పపూలు, చింతపండు, సారపప్పు వస్తాయి; ఉప్పు, ఎండుచేపలు, బట్టలు వెళతాయి.

ఉసూర్‌లో పాయింట్ల లెక్క సాగదు. నంబి జలపాతం చూడాలంటే ఉసూర్ నుంచి తూర్పుగా 8 కిలోమీటర్లు నడ్‌పల్లి మీదుగా నంబి గ్రామం చేరి, అక్కడినుంచి మరో 3 కిలోమీటర్లు అడవిలో కొండవైపు నడవాలి. సుమారు 300 అడుగుల ఎత్తునుంచి పడే ఆ ధారను బస్తరులో అత్యంత ఎత్తయినదిగా చెబుతారు. నీలం సరయి జలధారకు సోఢీపారా నుంచి దాదాపు 7 కిలోమీటర్లు. మూడు కొండలు ఎక్కాలి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రోజు. నడకే సందడి, దాని చివర నీటిపక్కన కూర్చోవడమే తీరిక. రెండింటినీ విడదీసే ప్రహరీగోడ లేదు. బస మాత్రం బీజాపూర్‌లోనే చూసుకోవాలి. బయలుదేరే ముందు జిల్లా అధికారులను సంప్రదించకుండా ఎవరూ ఈ అడవుల్లోకి పోరాదు.

ఆ హెచ్చరికకు కారణముంది. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, వేలాదిమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు వెళ్ళిపోయారు. 2012 జూన్ 28 రాత్రి బాసగూడ సమీపాన సర్కేగూడలో కాల్పుల్లో 17 మంది మరణించారు; వారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయవిచారణ సంఘం 2019లో నివేదించింది. 2021 ఏప్రిల్ 3న తర్రెం సమీపాన 22 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా ఉసూర్‌కు దక్షిణాన కర్రెగుట్టల మీద భారీ గాలింపు సాగింది. 31 మంది మావోయిస్టులు మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. నగరం నుంచి వచ్చినవాడు ప్రశాంతత అని మురిసిపోయే నిశ్శబ్దం, ఈ ఊళ్ళలో ఏళ్ళ తరబడి కాపురాలు లేచిపోయిన నిశ్శబ్దం. ఇక్కడివారికి ఒక రాత్రి నిశ్చింతగా నిద్రపట్టడమే పెద్ద సెలవు.

రోడ్లు వస్తున్నాయి. రోడ్ల వెంట పర్యాటకులు వస్తారు, వారి వెంట గుత్తేదార్లు వస్తారు. నంబి ధార కింద సిమెంటు మెట్లు, సెల్ఫీ వేదిక, ప్రవేశ రుసుము రావడానికి ఎక్కువ కాలం పట్టకపోవచ్చు. అప్పుడు గట్టుమీద రిసార్టు ఎవరిదవుతుంది, గదులు ఊడ్చేవారెవరు, ధారకు దారి చూపి నాలుగు డబ్బులు తీసుకునేవారెవరు అన్నది ఇప్పుడే తేలవలసిన సంగతి. ధుడ్మారాస్‌లో ఊరివారు ఒక సమాధానం చూపించారు. నంబిలో ఆ ప్రశ్నను అడగవలసినవారు గ్రామసభలో కూర్చునేవారే. ప్రస్తుతానికి మాత్రం అక్కడికి వెళ్ళే కుటుంబం తాగునీరు తనే మోసుకుపోవాలి, స్థానికుణ్ణి ఒకరిని దారి కోసం మాట్లాడుకోవాలి, పొద్దు వాలకముందే కొండ దిగాలి.