మీవాళ్లు

"ఎమ్మే తెలుగా? మీకు తెలుగెందుకయ్యా?"

యూనివర్సిటీలో చేరిన మొదటి రోజే మమ్మల్ని అడిగిన మాట ఇది. అడిగినాయన చెడ్డవాడేం కాదు. అప్లికేషన్ మీద పేరు చూశాడు, సబ్జెక్టు చూశాడు. రెండూ ఆయనకు కలవలేదు, అంతే. ఇంటి దగ్గరేమో ఇంకో రకం ప్రశ్న. "బీఏలూ ఎమ్మేలూ చదివి ఏం జేస్తర్రా? ఫిట్టర్ నేర్చుకుంటె దుబాయి పోవచ్చు గదా" అని మామూ. మామూ లెక్కా తప్పు కాదు. మా గల్లీలో దుబాయి పోయినవాళ్ల ఇళ్ల మీదే స్లాబు పడింది. చదువుకున్నవాళ్ల ఇళ్ల మీద పడలేదు. పడటానికి అసలు చదువుకున్నవాళ్లంటూ ఉంటే గదా!

మేం ముగ్గురం. ఒకడిది తెలుగు, ఒకడిది చరిత్ర, ఇంకొకడిది ఫిలాసఫీ. ఒకడి అబ్బా సైకిలు పంక్చర్లు వేసేవాడు. ఒకడి అబ్బా మటన్ దుకాణంలో కూలి. ఇంకొకడికి అబ్బా లేడు, అమ్మీ బీడీలు చుట్టి చదివించింది. అయినా క్లాసులో మమ్మల్ని "నవాబుసాబ్" అని పిలిచి నవ్వేవాళ్లు. నిజాం నగలు మా ట్రంకుపెట్టెల్లో దాచామనుకున్నారో ఏమో! మా తాతలు దొరల గుర్రాలకు గడ్డి కోశారు గానీ ఏనాడూ గుర్రం ఎక్కలేదు.

ఆర్ట్స్ చదవడం వెనక గొప్ప ఆశయాలేం లేవు. ఇంజనీరింగుకు డొనేషన్ కట్టలేం. సర్కారు యూనివర్సిటీలో ఆర్ట్స్ ఫీజు ఒక్కటే మా అబ్బాలకు అందేది. వెనకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ 2007లో గానీ రాలేదు. మా కాలానికి అదీ లేదు. మెస్సు బిల్లుకు అప్పులే.

ఇక తెలుగెందుకంటారా? ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, అదీ మా దక్కనీ ఉర్దూ. రాయడం రాదు, చదవడం రాదు. ఖురాన్ అరబ్బీలో చదివాం, అర్థం తెలియకుండా. బడి తెలుగుది. చదివి అర్థం చేసుకోగలిగిన భాష మాకు ఒక్కటే ఉంది. ఆ పెద్దమనిషికి ఈ జవాబు చెప్పాల్సింది. ఆ రోజు నోరు పెగల్లేదు.

చరిత్ర క్లాసులో దండయాత్రల పాఠం వచ్చింది. "1323లో మీవాళ్లు ఓరుగల్లు కోటను పడగొట్టారు" అన్నాడు మేష్టారు, మా వాడి వైపు చూసి. కోపంగా ఏం కాదు, ఏదో చమత్కారంలాగే. నలభై తలలు వెనక్కి తిరిగాయి. మావాడు తల దించుకున్నాడు. ఎందుకు దించుకున్నాడు? ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ వాడికేమవుతాడు? పంక్చర్లు వేసే వాళ్ల అబ్బాకేమవుతాడు? ఆ రాత్రి గదిలో మేం ముగ్గురం ఈ సంగతే మాట్లాడుకున్నాం. తర్వాత 1992 డిసెంబర్ 6 వచ్చింది. వారం రోజులు మెస్సుకు పోలేదు. ఎదురుగదిలోని మాదిగ మిత్రుడు ప్లేట్లలో అన్నం తెచ్చి తలుపు కొట్టేవాడు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే వచ్చింది. దాని జిరాక్సు కాగితాలు ఆ వారంలోనే చదివాం, గొంతు తగ్గించి.

చెప్పాలనుకున్నది ఇది కాదు, లైబ్రరీ సంగతి.

మా తెలుగువాడికి మారన పాఠం. మారన తిక్కనకు శిష్యుడు. మార్కండేయ పురాణం రాసి గన్నయకు అంకితమిచ్చాడు. గన్నయ ప్రతాపరుద్రుడి సేనాని. కృతిపతి గురించి పరీక్షలో అడుగుతారని మావాడు బట్టీ పడుతున్నాడు. అదే రాత్రి మా చరిత్రవాడు ఇలియట్, డౌసన్ల ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని ఉన్నాడు. అందులో అఫీఫ్ రాసిన ఫిరోజ్ షా తుగ్లక్ చరిత్ర ఉంది. ఫిరోజ్ షాకు ఒక వజీరుండేవాడు, పేరు మక్బూల్, బిరుదు ఖాన్-ఎ-జహాన్. అతను తెలంగాణవాడట. అక్కడి రాయలకు బాగా కావలసినవాడట. ఢిల్లీ చేరి ముస్లిం అయ్యాడట. చదవడం రాయడం రాదట గానీ మహా తెలివిగలవాడట. (ఫారసీ రాదని అయి ఉంటుంది అనుకున్నాం. కావ్యం అంకితం తీసుకున్నవాడు మరీ అంత మొద్దా?)

ఆ గన్నయే ఈ మక్బూల్ అని చరిత్రకారులు గుర్తించారు. మాకది ఆ రాత్రికి తెలియదు. తర్వాత లైబ్రరీలో వారం రోజులు వెతికితే దొరికింది. ఒకే మనిషి. తెలుగు క్లాసులో "మన గన్న సేనాని". కారిడార్ దాటి చరిత్ర క్లాసుకు పోతే "మీవాళ్లు". రెండు క్లాసులకీ మధ్య పది అడుగులు. ఆ పది అడుగుల్లో మనిషి పరాయివాడైపోయాడు!

"పేరు మారితే మనిషి మారినట్టా? మా పేపర్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తది" అన్నాడు ఫిలాసఫీవాడు.

గొప్ప కోసం చెప్పడం లేదు. అతను బందీగా పోయినవాడు. ఇష్టపడి మారాడో, ప్రాణం కోసం మారాడో ఎవరికెరుక? మా తాతముత్తాతలు ఎందుకు మారారో కూడా మాకు తెలియదు. మేష్టారికి చెబితే శ్రద్ధగానే విని, "బాగుంది, కానీ సిలబస్‌లో లేదు కదయ్యా" అన్నాడు. మావాళ్లూ తక్కువ తినలేదు. సెలవుల్లో మా చేతిలో మార్కండేయ పురాణం చూసి మసీదు దగ్గర ఒకాయన, "తోబా తోబా, ఇదా మీరు చదివే చదువు" అన్నాడు. ఆయనకు కృతిపతి కథ చెప్పే ధైర్యం మాకు లేకపోయింది.

మాలో ఒకడికి చెల్లె ఉంది. ఇంటర్‌తో మాన్పించారు. మేం బీడీలు అమ్మిన డబ్బుతో, మటన్ కొట్టిన కూలితో ఎమ్మేలు చదువుతుంటే ఆ పిల్లకు బీఏ దండగన్నారు. అన్నవాళ్లలో మేమూ ఉన్నాం, నోటితో అనకపోయినా. సెలవులకు మేం తెచ్చిన పుస్తకాలన్నీ అది చదివేసేది. గన్నయ కథ విని ఒకటే అడిగింది. "భయ్యా, కొడుకు పేరు మారిన సంగతి వాళ్లమ్మకు తెలిసిందా?"

మూడు డిగ్రీల్లో మాకు తట్టని ప్రశ్న. ఏ పుస్తకంలోనూ దానికి జవాబు దొరకలేదు.

2006లో సచార్ కమిటీ రిపోర్టు వచ్చింది. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్లు 25 మందిలో ఒకరు, పీజీ చదివేవాళ్లు 50 మందిలో ఒకరు ముస్లిం అని రాశారు. చదివి మా హాస్టల్ గది గుర్తు చేసుకున్నాం. ఆ లెక్కలో చెల్లె లేదు.

మాలో ఒకడు ఢిల్లీ పోయినప్పుడు నిజాముద్దీన్ దర్గా దగ్గర ఖాన్-ఎ-జహాన్ గోరీ చూసొచ్చాడు. ఎనిమిది మూలల కట్టడం. ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ గోరీ అంటారట. ఆరు వందల ఏళ్లు దాటినా పేరు నుంచి మన ఊరు పోలేదు.

చెల్లె కూతురు ఇప్పుడు బీఏలో చేరింది, చరిత్ర తీసుకుని. సర్కారు కాలేజీయే. "హిస్టరీ చదివి ఏం జేస్తది" అని పిల్ల తండ్రి తరఫువాళ్లు ఫోన్ చేశారట. చెల్లె వాళ్లకేం చెప్పిందో మాకు చెప్పలేదు. ఫీజు రసీదు మాత్రం ఫోటో తీసి పంపింది.