అమ్మతో ఘారాపురికి

మా అమ్మ పెళ్ళిచేసుకొని భివండీకి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఈ యాభై ఏళ్ళలో ఆమె సముద్రం చూడలేదంటే పాఠకులు నమ్మకపోవచ్చు. మన ఊరి ఖాడీలోకి సముద్రపు పోటు రానే వస్తుంది. ఒకప్పుడు పడవల మీద సరుకు దిగిన రేవు మన భివండీ. అయినా పద్మానగర్‌లో సాంచాల చప్పుడు మధ్య కండెలు చుట్టుతూ కాలం గడిపిన ఆమెకు వరాలాదేవి చెరువే సముద్రం. బతుకమ్మను సాగనంపేది అక్కడే కదా! "ఒక్కనాడు బొంబాయి సముద్రం చూపిస్త" అని మా నాన్న అంటూనే ఉండేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ మాట మా నెత్తిన బాకీగా మిగిలింది.

గత మాఘమాసంలో ఒక ఆదివారం ఆ బాకీ తీర్చవలెనని నిశ్చయించుకొన్నాము. గేట్‌వే నుండి పడవలో ఘారాపురి, అనగా ఎలిఫెంటా గుహలకు ప్రయాణం. "నాకెందుకు బిడ్డా, కాళ్ళు నడవయి" అన్నది అమ్మ. అంటూనే పెట్టె అడుగున ఉన్న మంచి చీర తీసింది.

తెల్లవారకముందే ఆటోలో కల్యాణ్ చేరి, బొంబాయికి పోయే లోకల్ ఎక్కినాము. దారిలో బైకుల్లా స్టేషన్ వచ్చినప్పుడు, ఆ దీవికి ఎలిఫెంటా అనే పేరు తెచ్చిన రాతి ఏనుగు ఇప్పుడు ఇక్కడి జిజామాతా ఉద్యానంలో ఉన్నదని మా ఇంటావిడకు చెప్పినాము. "ఏనుగు ఇక్కడుంటే మనం అక్కడికెందుకు?" అని ఆవిడ ప్రశ్న! సమాధానం దొరకలేదు.

గేట్‌వే దగ్గర పడవలోకి దిగే మెట్లు నాచు పట్టి ఉన్నాయి. పడవవాడు "ఆజీ, సావకాశ్" అంటూ అమ్మ రెండు చేతులూ పట్టుకొని దించినాడు. తర్వాత అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చినారు. 2024 డిసెంబరు 18న ఇదే దారిలో నావికాదళపు పడవ ఒకటి ప్రయాణికుల పడవను ఢీకొని పలువురు మరణించిన సంగతి మనకు తెలిసినదే. ఆ మాట అమ్మకు చెప్పలేదు. "ఇదేం రైకరా, ఇంత దొడ్డుగున్నది!" అని నవ్వుతూనే తొడిగించుకొన్నది.

ఇంజను మొదలైంది. అమ్మ పక్కనున్న చెక్క మీద అరచెయ్యి ఆనించి, "సాంచా నడిచినట్టే ఉన్నది" అన్నది. సాంచాల వల్ల ఆమె చెవులు మందగించినవి. చప్పుడును చేతితోనే పోల్చుకొంటుంది. గేట్‌వే చిన్నదై, ఓడలు దగ్గరై, నాలుగు వైపులా నీళ్ళే అయినప్పుడు ఆమె మాట్లాడడం మానివేసింది. గంటసేపు ఆ చూపు తిప్పలేదు. మేము తెచ్చిన సకినాలు కూడా ముట్టలేదు.

దీవి దగ్గర దిగిన తర్వాత వంతెన మీద చిన్న రైలు ఉన్నది గనుక అంతవరకు ఇబ్బంది లేదు. ఆ పైన సుమారు 120 మెట్లు. నడవలేనివారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మనుషులు మోసుకుపోతారు. మేము బేరమాడుతుండగా అమ్మ అడ్డుపడింది. "నలుగురు మోసే రోజు ఒకటి ఉండనే ఉన్నది. ఇప్పటినుంచే ఎందుకు?" అన్నది.

మాకు కోపం వచ్చింది. ఇంత ఖర్చుపెట్టి, ఇంత దూరం వచ్చి, గుహలు చూడకుండా పోవడమా అని గట్టిగానే అన్నాము. అప్పుడు మా ఇంటావిడ మెల్లగా, "అత్తమ్మ గుహలు చూస్తానని ఎప్పుడన్నది? మామయ్య చూపిస్తానన్నది సముద్రం కదా" అన్నది. నిజమే. ఏమి చూడాలని ఉందో అమ్మను మేము ఒక్కసారి కూడా అడగలేదు.

మెట్ల మొదట్లో చాయ్ దుకాణం పెట్టుకొన్న ఒక ఆడమనిషి, "మీరు పోయి రండి, ఆజీని నేను చూసుకొంటాను" అని మరాఠీలో అన్నది. మేమిద్దరం ఎక్కినాము. ఆరో శతాబ్దంలో కొండను తొలిచి చేసిన గుహ అది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇరవై అడుగుల ఎత్తున మూడు ముఖాల మహేశమూర్తి ముందు నిలిచినప్పుడు నోట మాట రాదు. అయినా మా మనసు కిందనే ఉన్నది.

దిగి వచ్చేసరికి అమ్మ ఆ దుకాణంలో బల్ల మీద కూర్చుని, యాభై ఏళ్ళుగా నేర్చిన మరాఠీలో కబుర్లు చెబుతున్నది. మమ్మల్ని చూడగానే, "తెలుసునా బిడ్డా, 2018 దాకా వీళ్ళకు కరెంటే లేదట! సాయంత్రం కొద్దిసేపు జనరేటరేనట. ఇప్పుడు సముద్రం అడుగునుంచి తీగ వేసిన్రట" అన్నది. కరెంటు పోతే సాంచా ఆగి, కూలి ఆగే ఊరి మనిషికి ఆ కష్టం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. "శివుడు ఎట్లున్నడు?" అని తర్వాత అడిగింది. చెప్పినాము. కూర్చున్నచోటినుండే దండం పెట్టుకొన్నది.

తిరుగు పడవలో పొద్దు వాలుతున్నది. అమ్మ చాలాసేపటికి, "గింత పెద్ద చీర, యాడ చూసినా అంచు లేదు. మీ నాయన చూస్తే బాగుండు" అన్నది. మా ఇంటావిడ ఆమె చెయ్యి పట్టుకొన్నది. మేము నీళ్ళవైపు తిరిగి కూర్చున్నాము.

పెద్దవారితో వెళ్ళదలచినవారికి రెండు మాటలు. సోమవారం గుహలు మూసి ఉంటాయి. వానాకాలం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. పొద్దున్నే పడవ ఎక్కండి. ఎండ ముదరకముందే చేరవచ్చు. పై అంతస్తు నిచ్చెన నిటారుగా ఉంటుంది గనుక కిందనే కూర్చోండి. అన్నిటికంటె ముందు, ఏమి చూడాలని ఉందో ఇంట్లోనే వారిని అడిగి బయలుదేరండి.