దారం చూడకుండా అల్లితే

అల్లికల్లో నేను చేసిన తప్పులన్నిటికీ మూలం ఒక్కటే. డిజైను చూసి మనసు పడ్డాను, దారం ఏమిటో చూడలేదు. ఈ సంగతి తెలిసొచ్చేలోపు మా ఇంట్లో మళ్లీ తెచ్చుకోలేని వస్తువు ఒకటి పాడైపోయింది. కొత్తగా సూది పట్టేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది నల్లగొండ. క్రోషా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. గుమ్మాలకు తోరణాలు, టీవీ మీద గుడ్డలు, దిండు గలీబుల అంచులు, అన్నీ నూలు దారంతోనే అల్లేదాన్ని. నూలుతో పెద్దగా పేచీ ఉండదు. ఉతికితే కొంచెం ముడుచుకుంటుంది, ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుంది. ఆ ధైర్యంతోనే పిల్లలు పెద్దయ్యాక రెండు సూదుల అల్లిక మొదలుపెట్టాను. ఆ తర్వాత ఫెల్టింగ్ మీద ఆశ పుట్టింది. ఉన్నితో వదులుగా అల్లి, వేడినీళ్లలో సబ్బు పెట్టి రుద్దితే కుట్ల మధ్య సందులు మూసుకుపోయి దళసరి బట్ట తయారవుతుంది. అలాంటి చేతిసంచి ఒకటి చేయాలనుకున్నాను.

బజారుకు పోయి ఉన్ని కావాలని అడిగితే ఎర్రటి ఉండలు ఇచ్చారు. చుట్టి ఉన్న కాగితం మీద ఏం రాసి ఉందో చదవలేదు. రాత్రుళ్లు కూర్చుని ఇష్టంగా సంచి అల్లాను. వేడినీళ్లలో వేసి చేతులు మండేదాకా రుద్దాను, వాషింగ్ మెషిన్‌లో కూడా వేశాను. సంచి సాగింది తప్ప ముడుచుకోలేదు. అక్కడ ఆగి, ఎందుకిలా అయిందని ఎవరినైనా అడగాల్సింది. అడగలేదు. వేడినీళ్లకు ఉన్ని ముడుచుకుంటుందన్నది ఉత్త మాటేనని తీర్మానించుకున్నాను.

ఆ తీర్మానమే నష్టం తెచ్చింది. నాన్న ఉత్తరాదిలో ఉద్యోగం చేసిన రోజుల్లో అమ్మ ఆయనకు ఒక స్వెట్టర్ అల్లింది. నాన్న పోయాక అది బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య ఉండేది. ఒక చలికాలం, అమ్మ తొడుక్కుంటుంది కదా అని దాన్ని తీసి వేడినీళ్లతో మెషిన్‌లో ఉతికాను. బయటికి తీసేసరికి పసిపిల్లవాడికి సరిపోయేంత అయింది, అట్టలా బిగుసుకుపోయింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. నీళ్లలో నానబెట్టి లాగి చూశాను, బరువులు పెట్టి ఆరేశాను. ఏం చేసినా అది తిరిగి రాలేదు.

ఎందుకు రాదో తర్వాత చదివి తెలుసుకున్నాను. గొర్రె ఉన్ని పోగు మీద కంటికి ఆనని పొలుసులు ఉంటాయి. వేడి, తడి, సబ్బు, రాపిడి కలిసినప్పుడు పోగులు ఒకదాని సందులోకి ఒకటి జరుగుతాయి. పొలుసులు అడ్డుపడి వాటిని వెనక్కి రానివ్వవు. నేను సంచికి వాడింది ఆక్రిలిక్. అది పెట్రోలియం నుంచి తీసిన పోగు, దానికి ఆ పొలుసులు లేవు. మెషిన్‌లో ఉతకవచ్చని రాసి అమ్మే అసలు ఉన్ని కూడా మామూలుగా ఫెల్ట్ కాదు. ముడుచుకోకుండా దాని పొలుసుల్ని ముందే అణచివేస్తారు.

ఇప్పుడు కొత్త దారం ఏది తెచ్చినా వేలెడు ముక్క తెంపి, స్టీలు పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని అంటిస్తాను. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలింది వేళ్ల మధ్య పొడి అయిపోతే ఉన్ని. కాగితంలా మండి మెత్తటి బూడిద మిగిలితే నూలు. కరిగి గట్టి నల్లపూస కడితే ఆక్రిలిక్.

అసలు ఉన్ని కోసం వెతికితే మా పక్కనే దొరికింది. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో, 2019లో వేరే జిల్లా అయిన నారాయణపేటను అందరూ చీరలతోనే గుర్తుపెట్టుకుంటారు. ఆ వైపు కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో గొంగళ్లు కూడా నేస్తారు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, గుంట మగ్గం మీద నేస్తారు. ఆ తర్వాత చింతగింజల గంజి పట్టిస్తారు. అందుకే గొంగడి బిర్రుగా ఉండి వాన నీళ్లను జార్చేస్తుంది.

చేత్తో వడికిన ఆ దారం తెచ్చుకుని రెండో తప్పు చేశాను. మా ఆడబిడ్డ మనవరాలికి దానితో టోపీ అల్లాను. పెట్టిన కాసేపటికే పాప నుదురు కందిపోయింది. గరుకు పోగులు ఏరిపారేస్తే మెత్తబడుతుందని కూర్చుని ఏరాను. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. మళ్లీ పోయినప్పుడు దారం వడికిన అవ్వకు చెబితే ఆమె అన్నది: "బిడ్డా, గిది మెత్తగుండే బొచ్చు కాదు. వానకు, చలికి, బండ మీద పండనీకి గొంగడి. పసిపిల్లకు పాత చీర చుట్టి, పైకెల్లి గొంగడి కప్పుతం. ఒంటికి ఆనిస్తమా?"

మెత్తగా ఉండే మెరినో జాతి గొర్రెల ఉన్ని పోగు మందం సుమారు 20 మైక్రాన్లు. దక్కనీ పోగు అంతకంటే చాలా లావు, పైగా అందులో వెంట్రుకలూ కలిసి ఉంటాయి. అందుకే అది ఆలస్యంగా ఫెల్ట్ అవుతుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. ఆ గరుకుతనమే దాని బలం. ఇప్పుడు దానితో వేడి గిన్నెల కింద పెట్టే చాపలు, పూజలో కూర్చునే ఆసనాలు, కూరగాయల సంచులు చేస్తున్నాను. ఉన్ని సులువుగా మండదు, వేడిని ఆపుతుంది, తొక్కినా రుద్దినా అరగదు. పసిపిల్లలకు మాత్రం నూలుతోనే అల్లుతాను. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మన నేలకు ఒంటి మీద నూలే హాయి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల నుంచి నరసాపురం ఆడవాళ్లు నేర్చుకున్న క్రోషా లేసు ఇక్కడ పాదుకున్నది నూలు దారంతోనే.

దక్కనీ ఉన్ని ఇంకెంతకాలం దొరుకుతుందోనన్న బెంగ నాకుంది. ఉన్నికి వచ్చే ధర కత్తిరింపు కూలికి కూడా చాలక కాపరులు దాన్ని పారేస్తున్నారు. 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచడం మొదలుపెట్టినప్పుడు కూడా చూపంతా మాంసం మీదే. మాంసానికి పేరున్న నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. మందలో ఆ జాతి పెరిగినకొద్దీ మగ్గానికి ఉన్ని తగ్గుతుంది.

సూది పట్టేముందు దారాన్ని అంటించి చూడండి. అరచేయంత ముక్క అల్లి, కొలిచి, ఉతికి, మళ్లీ కొలవండి. అది ఎవరి ఒంటికి తగలబోతోందో ఆలోచించండి. ఇంట్లో ఉన్న పాత ఉన్ని బట్టల్ని చల్లటి నీళ్లలో, నలపకుండా చేత్తో ఉతకండి. గొంగడి దారం కొనేటప్పుడు మాత్రం బేరం ఆడకండి. వడికిన చేతికి కూలి గిట్టితేనే ఆ నల్ల గొర్రె మందలో నిలుస్తుంది.