మిరప కల్లాల దారిలో చదువుల బాట

గుంటూరు నుండి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా మేదరమెట్ల వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రయాణించే వారికి నేల రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఒకవైపు నల్లరేగడి చేలలో చివరి తీతకు మిగిలిన పత్తి తెలుపు, మరోవైపు కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు. బస్సు కిటికీ తెరిచి ఉంటే చాలు, ఘాటుకు కళ్లు చెమర్చుతాయి. తాలు కాయలను ఏరివేసి, మంచి కాయలను గోనెసంచుల్లో తొక్కి నింపి, ఆ టిక్కీలను గుంటూరు మిర్చి యార్డుకు తరలిస్తారు. దేశవిదేశాల వంటిళ్లకు రంగునూ రుచినీ పంపే నేల ఇది.

అయితే ఈ ఎరుపు వెనుక ఎన్ని చేతులున్నాయో అరుదుగా తలచుకుంటాము. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వంటి కర్నూలు పశ్చిమ ప్రాంతాల నుండి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీతకు, మిరప కోతకు ఇక్కడికి వలస వస్తాయి. ఆ సీమలో దీనిని ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఊరిలో పెద్దదిక్కు ఉన్నవారు పిల్లలను వారి వద్ద వదిలి వస్తారు. లేనివారు వెంట తెచ్చుకుంటారు. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నా, చేలగట్ల మీద చెల్లెలిని ఎత్తుకుని తిరిగే పదేళ్ల పిల్లలు నేటికీ కనిపిస్తూనే ఉన్నారు.

ఈ పిల్లవాడు తిరిగి బడికి వెళ్లేసరికి తరగతి ఎంతో ముందుకు పోయి ఉంటుంది. అతను గుణింతాల దగ్గర ఆగిపోయాడు, పుస్తకం మాత్రం కథల దాకా వెళ్లింది. తెలుగు లిపి నేర్వడానికి ఓపిక కావాలి. ‘క’ను గుర్తుపట్టిన పసివాడు దీర్ఘం, గుడి, కొమ్ము చేరినప్పుడు మారే దాని రూపాలన్నింటినీ గుర్తుపట్టాలి. ఆపై వత్తులు రావాలి. ఇలా వందల రూపాలు కంటికి అలవాటైతేనే చదువు సాఫీగా సాగుతుంది. మధ్యలో మూడు నెలలు తెగిపోతే ఆ దారం మళ్లీ అతుక్కోవడం కష్టం. వయసును బట్టి తరగతి మారుతూనే ఉంటుంది, అక్షరం మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇక్కడ మన మక్తబ్‌ల పద్ధతిని ఒకసారి పరిశీలించాలి. ఈ మైదానంలోని పట్టణాలలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. పల్లెల్లో తరతరాలుగా దూది ఏకే వృత్తిలో జీవించిన నూర్‌బాషా సోదరుల ఇళ్లలో తెలుగే మాతృభాష. ఏ ఇంటి బిడ్డ అయినా మక్తబ్‌లో నూరానీ ఖాయిదాతోనే మొదలుపెడుతుంది. ముందు విడి అక్షరాలు, తర్వాత కలిసిన అక్షరాలు, ఆ తర్వాత జబర్, జేర్, పేష్‌లు. హిజ్జే చేసి పలకడం కుదిరాకనే గుక్క తిప్పుకోకుండా చదవడం. ఒకే చాప మీద ఆరేళ్ల వాడూ పన్నెండేళ్ల వాడూ కూర్చుంటారు. ఎవరి సబఖ్ వారిదే. ఉస్తాద్ ప్రతి బిడ్డ చదువునూ విడిగా చెవిన వేసుకుని, సరిగా వచ్చిందనుకున్నాకే మరుసటి పాఠం ఇస్తాడు. కోతలకు వెళ్లి వచ్చిన పిల్లవాడు తాను ఆపిన పుటనే మళ్లీ తెరుస్తాడు. పాఠం అతని కోసం ఆగి ఉంటుంది.

నేటి విద్యావేత్తలు చెబుతున్నదీ దీనికి దగ్గరగానే ఉంది. 2005 నుండి ‘అసర్’ సర్వేలు నిర్వహిస్తున్న ప్రథమ్ సంస్థ, పిల్లలను తరగతిని బట్టి కాక చదవగల స్థాయిని బట్టి జట్లుగా కూర్చోబెట్టి నేర్పే విధానాన్ని వ్యాప్తి చేసింది. అక్షరం, పదం, చిన్న పేరా, కథ, వీటిలో బిడ్డ ఎక్కడ ఆగాడో విడిగా వినడంతోనే ఆ పని మొదలవుతుంది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యం. విడిగా వినే చెవి లేనిదే ఆ లక్ష్యం కాగితం దాటి రాదు.

అయితే మనం మెచ్చుకుని ఊరుకోరాదు. మక్తబ్‌లో నాజిరా పూర్తి చేసిన బిడ్డ దివ్య ఖుర్ఆన్‌ను చక్కని ఉచ్చారణతో పఠిస్తుంది. ఆ పఠనానికి పుణ్యం ఉంది, గౌరవం ఉంది. కాని అదే బిడ్డ తన తండ్రి పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బా మీది తెలుగును చదవలేకపోతే? ఆ డబ్బాలపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు మందు తీవ్రతను తెలుపుతాయి. ఎరుపు అత్యంత విషపూరితమని అర్థం. పత్తికీ మిరపకూ విడవకుండా మందు కొట్టే ఈ నేలపై ఆ నాలుగు రంగులనూ, వాటి కింది మాటలనూ చదవడం ప్రాణానికి సంబంధించిన విషయం. యార్డులో చేతికిచ్చే తక్‌పట్టీలో తూకం ఎంత, ధర ఎంత, కోత ఎంత అన్నది చదవలేని రైతు ఏడాది శ్రమను ఇతరుల మాట మీద వదిలేస్తాడు. స్వరం పలకడం సగం చదువు. పలికినది గ్రహించడం మిగతా సగం.

పరాయి లిపి నేర్వడం ధర్మానికి దూరం కావడమేమో అనే శంక కొందరిలో ఉంది. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) యూదుల లిపిని నేర్చుకోమని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారని, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారని హదీసులు తెలుపుతున్నాయి. బద్ర్ ఖైదీలలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు పదేసి మంది మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పి విడుదల పొందారని సీరత్ గ్రంథాలలో ఉంది. ఆ గురువులు అవిశ్వాసులు, అయినా వారి నుండి అక్షరం స్వీకరించబడింది. అలాంటప్పుడు మనం పుట్టిన నేల లిపి మనకు పరాయిది ఎలా అవుతుంది?

మేదరమెట్ల దాటి అద్దంకి వైపు మళ్లితే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. తొలి తెలుగు పద్య శాసనాలలో ఒకటిగా పండితులు గౌరవించే పండరంగని శాసనం అద్దంకిదే. అది సా.శ. 848 నాటిదని చెబుతారు. సముద్రం వైపు వెళితే చీరాల పక్కన వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. నేత మగ్గాల ఊరిలో సామాన్యులు పాత పత్రికలను, పుస్తకాలను తరాల పాటు కాపాడుకున్నారు. అక్షరం ధనికుల సొత్తు కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

కనుక బడి, మక్తబ్ ఒకదాని నుండి మరొకటి నేర్చుకోవాలి. బడిలో ప్రతి బిడ్డ చదువునూ రోజుకు కొద్ది నిమిషాలైనా విడిగా వినే ఏర్పాటు ఉండాలి. వలస నుండి వచ్చిన బిడ్డను వయసు చూసి కాక, ఆగిన అక్షరం చూసి కూర్చోబెట్టాలి. మక్తబ్‌లో సబఖ్ ముగిశాక పావుగంట తెలుగు కథ చదివించి, అర్థం అడగాలి. నేర్చుకున్న సూరా భావాన్ని బిడ్డకు ఇంటి భాషలో చెప్పాలి. తల్లులు వంటింట్లో పప్పు పొట్లం మీది మాటలను, నాన్నలు బస్సు బోర్డులను పిల్లల చేత చదివించాలి. దీనికి ఖర్చు లేదు, శ్రద్ధ చాలు.

తొలి దైవవాణి చదవమనే ఆదేశంతో మొదలై, కలం ద్వారా నేర్పిన ప్రభువును స్మరింపజేసింది. ఆ ఆదేశం మస్జిద్ చాప మీద కూర్చున్న బిడ్డకు ఎంత వర్తిస్తుందో, మిరప కల్లం పక్కన చెల్లెలిని ఆడిస్తున్న బిడ్డకూ అంతే వర్తిస్తుంది. ఆ రెండో బిడ్డ వద్దకు అక్షరాన్ని చేర్చే బాధ్యత మనపై ఉంది. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.