గచ్చు మీద నూనె మరక

ఆవకాయ రోజులొచ్చాయంటే నూనె ఒలకని వంటిల్లు ఉంటుందా చెప్పండి! అయినా పోయిన వేసవిలో నేను చేసిన పొరపాటు మీరెవరూ చేయకూడదని ఇది రాస్తున్నాను.

జాడీలోకి వంపుతుంటే గిన్నె జారి అరకిలో పప్పునూనె సిమెంటు గచ్చు మీద ఒలికిపోయింది. కంగారులో చెంబుడు నీళ్ళు గుమ్మరించాను. నూనె నీళ్ళ మీద తేలి గుమ్మం దాకా పాకింది. ఆ సంగతి తెలియక లోపలికొచ్చిన మా అత్తయ్యగారు జర్రున జారారు. ద్వారబంధం చేతికి అందబట్టి సరిపోయింది గానీ, 78 ఏళ్ళ మనిషి, తుంటి ఎముక విరిగితే ఏం కాను! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆవిడ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. "నీళ్ళు కాదమ్మాయ్, ముగ్గుపిండి చల్లు" అన్నారు. చల్లి అరగంట ఉంచితే నూనె పీల్చుకుని ముద్దలు కట్టింది. ఎత్తిపోసి మళ్ళీ చల్లాను. జారుడు పోయింది, నల్లటి మరక మిగిలింది.

పక్కింటావిడ బాత్రూము యాసిడ్ పొయ్యమంది. పొయ్యకండి! యాసిడ్ సిమెంటును తినేస్తుంది గానీ నూనెను వదిలించదు. గచ్చుకి కంటికి ఆనని సన్నని రంధ్రాలుంటాయి. నూనె వాటిలోకి దిగుతుంది కాబట్టి దాన్ని పైకి లాగాలి.

లీటరు వేడినీళ్ళలో 2 పెద్ద చెంచాల బట్టల సోడా (వంటసోడా కాదు) కలిపి మరక మీద పోసి, పావుగంటయ్యాక గట్టి బ్రష్షుతో రుద్దండి. వంటనూనెను సోడా కొంత సబ్బుగా మార్చేస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు మరవద్దు. తర్వాత ముగ్గుపిండిని అవే సోడానీళ్ళతో ముద్దలా కలిపి, అరంగుళం మందాన పట్టించి, పూర్తిగా ఆరేదాకా కదపకండి. గీకేసి, మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. సోడా మిగిలినా జారుతుంది. రంగు గచ్చయితే ముందు ఓ మూల చేసి చూసుకోండి.

నేను మూడుసార్లు పట్టించాను. మరక ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. "ఉండనీయవే, అక్కడికొచ్చేసరికి ఇద్దరం చూసి అడుగేస్తాం" అన్నారు అత్తయ్యగారు నవ్వుతూ.

ఈసారి ఆవకాయకి కూర్చునే ముందే పళ్ళెంలో ముగ్గుపిండి పక్కన పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి.