పరిచర్యా భారము

మా యన్నగారికి దీర్ఘకాలిక హెపటైటిస్-బి వ్యాధి. ఆయన రక్తమును, కాలేయమును వైద్యులు తఱచు పరీక్షింతురు. రేయింబవళ్లు పరిచర్య చేయు వదినెగారి బడలికను పరీక్షించినవారు లేరు. దానికిని కొలమానము కలదు. 1980లో జారిట్ మొదలగువారు, మతిమఱపు వ్యాధిగల వృద్ధులను సాకువారి భారము నెఱుగుటకై యొక ప్రశ్నావళిని కూర్చిరి. నేడు విరివిగా వాడబడుచున్న రూపమున 22 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 మొదలు 4 వఱకు అంకెలు, మొత్తము 88.

మేము చదివి వినిపింపగా వదినెగారు ప్రతిదానికిని ‘సున్న’ యనిరి. పతిసేవను బరువనుట పాపమని యామె భయము! అట్టి భయమును పెంచినవారము మేమే. సహపంక్తి భోజనముచే నీ వ్యాధి యంటదని వైద్యులు చెప్పినను, అన్నగారి కంచమును వేఱుచేసితిమి. దానిని తోముటయు నామె వంతే. నిజము పలుక వీలులేని యింట కొలమాన మేమిచేయును? నాటి రాత్రి కంచములన్నియు కలిపి మేమే తోమితిమి.